చెట్టు నీడ - చూరు నీడ

మాది పెండ్లిమర్రి. ఊరి పేరు చెప్పగానే క్రొత్తవారు చిరునవ్వు నవ్వి, "పెండ్లి ఎవరిదండీ, మర్రి ఎక్కడిదండీ?" అని అడుగుతారు. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక, ఆ పేరుకు వ్యుత్పత్తి చెప్పమని కళాశాలలో స్నేహితులు నన్ను చాలాసార్లు నిలవేశారు. నేను చెప్పేది ఒక్కటే. ఊరి పేరులో చెట్టు ఊరకే వచ్చి చేరదు. మా కడప జిల్లాలో చింతకొమ్మదిన్నె ఉన్నది, మామిళ్ళపల్లె ఉన్నది, పోరుమామిళ్ళ ఉన్నది. ఎండకు పేరుపడ్డ ఈ సీమలో మనుష్యులు మొదట వెతుక్కున్నది నీరు, ఆ తర్వాత నీడ. రెండూ దొరికినచోట ఆగారు. ఆగినచోట ఊరయింది.

ఆ నీడ రెండు విధాలు. పగటి నీడ చెట్టు ఇస్తుంది. రాత్రి నీడ చూరు ఇస్తుంది. పెద్దమర్రి ఉంటే రెండూ అదే ఇస్తుంది. బాటసారి పగలు దాని క్రింద సద్దిమూట విప్పుతాడు, రాత్రి దాని క్రిందనే దుప్పటి పరుస్తాడు. ఇది పార్కు, ఇది సత్రం అని మర్రికి తేడా తెలియదు. ఆ తేడా మనకు తెలుసు. మనం చదువుకున్నవాళ్ళం గదా!

గేటు వేసే వేళ

క్రిందటి ఎండకాలంలో ఒకనాటి సాయంత్రం మా జిల్లాలోని ఒక పట్టణంలో, బస్సు తప్పిపోయి, దగ్గరలోనే ఉన్న పార్కులోకి వెళ్ళి కూర్చున్నాను. ప్రభుత్వపు డబ్బుతో క్రొత్తగా బాగుచేసిన పార్కు. చుట్టూ రంగువేసిన ఇనుప కమ్ములు, నడవడానికి బాట, పిల్లలకు ఉయ్యాలలు, ఒక మూల ఫౌంటెను. అన్నిటికన్నా మంచిది మాత్రం పాతది. ఎవరో ఏనాడో నాటిన వేపచెట్టు. పగలు నిప్పులు చెరిగిన ఊరు ఆ చెట్టు క్రింద మాత్రం కొంచెం మెత్తబడింది.

ఆ చెట్టు మొదట్లో ఒక ముసలమ్మ, చిన్న మూట ప్రక్కన పెట్టుకొని వాలి ఉన్నది. ఎనిమిది కొట్టేసరికి కాపలా మనిషి వచ్చాడు.

"అవ్వా, లెయ్. గేటు ఏస్తాండా."

"రోంతసేపు ఉండు నాయనా. బయట ఇంగా ఏడి చల్లారలే."

"రోజూ ఇదే మాట చెప్తావు. సారోళ్ళు చూస్తే నా కొలువు పోతాది. లెయ్ లెయ్."

కసరుతున్నాడే గాని అతని గొంతులో కాఠిన్యం లేదు. అవ్వ లేచింది. మూట ఎత్తుకున్నది. నేనూ లేచాను. మేమిద్దరం ఒకే గేటులోనుండి బయటికి వచ్చాము. నేను బస్సు కోసం ఇటు తిరిగాను. ఆమె, తలుపు వేసిన ఒక అంగడి మెట్లవైపు అటు తిరిగింది. ఉండబట్టలేక అడిగాను.

"యాడికి పోతావు అవ్వా?"

"ఈడనే నాయనా. ఆ మెట్ల కాడ పండుకుంటా. నాలుగ్గంటలకంతా లేస్తాలే."

నాలుగింటికే ఎందుకంటే, ఆమెకు కొలువున్నది. బస్సుస్టాండు ఎదుట ఇడ్లీ అంగడిలో అంట్లు తోముతుంది. మనిషిది జమ్మలమడుగు తావు. మగ్గం ఇల్లు. పెనిమిటి నేస్తుంటే తాను కండెలు చుట్టేది. పెనిమిటి పోయాడు, మగ్గం పోయింది, బాడుగ కట్టలేక ఇల్లూ పోయింది. ఇదంతా ఆమె మూడు మాటల్లో చెప్పింది. కన్నీళ్ళు పెట్టలేదు. "బస్సు వచ్చె, పో నాయనా" అని నన్నే తొందరచేసింది.

బస్సులో కూర్చున్నాననే మాటే గాని, ఆ గేటు మూసిన చప్పుడు దారి పొడుగునా నా చెవిలోనే ఉన్నది.

ఇల్లు లేనివారంటే ఎవరు?

ఇల్లు లేనివాడంటే సొంత ఇల్లు లేనివాడని మనం పొరబడతాం. బాడుగ ఇంటివాడు ఇల్లు లేనివాడు కాడు. గుడిసెలో ఉండేవాడూ కాడు. జనాభా లెక్కలవారి నిర్వచనం వేరు. రోడ్డు ప్రక్కన, కాలిబాటల మీద, పెద్ద గొట్టాలలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుళ్ళ మంటపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బ్రతికేవారిని ఇల్లు లేనివారుగా వ్రాసుకుంటారు. వీరిని లెక్కించేది పగలు కాదు. 2011లో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి లెక్కించారు. ఆ ఒక్క రాత్రిలో దేశం మొత్తంమీద 17 లక్షల 73 వేలమంది తేలారు. వారిలో 9 లక్షల 38 వేలమంది పట్టణాలవారు. చీకట్లో లెక్కకు దొరకనివారు దొరకనే లేదు.

మరొక పొరపాటు, వీరంతా బిచ్చగాళ్ళనుకోవడం. మన ఊళ్ళలో తెల్లవారుజామున ఎవరు మేలుకొని ఉంటారో ఒకసారి చూడండి. మార్కెట్టులో మూటలు దించేవారు, రిక్షా తొక్కేవారు, పెళ్ళి మంటపాలలో వంటపాత్రలు తోమేవారు, కాగితాలూ సీసాలూ ఏరుకొనేవారు, ఆసుపత్రిలో రోగిని చేర్చి తాము ఆరుబయట పడుకొనే పల్లెటూరివారు. పని ఉన్నది, పొట్ట నిండుతున్నది, కాని తల వాల్చడానికి చోటు లేదు. కూడు, గుడ్డ, గూడు అని మూడు చెప్పారు పెద్దలు. మొదటి రెండూ ఎట్లాగో సంపాదించుకున్న మనిషికి కూడా మూడవది అందకుండా పోవచ్చు. పట్టణంలో నేల ధర అట్టిది.

శాసనాలలోని నీడ

ఈ పని రాజులది, ప్రభుత్వాలది అనడం ఈనాటి మాట కాదు. మా సీమలోనే దానికి రాతిమీద వ్రాత ఉన్నది.

గుత్తి నుండి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుని శిలాశాసనాలు ఉన్నవి. 1929 ప్రాంతాల వెలుగులోకి వచ్చిన ఆ బండలమీద పదునాలుగు పెద్ద శాసనాలూ ఉన్నవి. వాటిలో రెండవ దాని సారాంశం చదివితే నేటి మునిసిపాలిటీ తీర్మానం చదివినట్లుంటుంది. మనుష్యులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు లేనిచోట తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించాననీ ఆ చక్రవర్తి చెప్పుకున్నాడు. రెండువేల రెండువందల యేండ్లు దాటిన వ్రాత అది.

మా జిల్లా పోరుమామిళ్ళలో మరొక శాసనమున్నది. విజయనగరపు బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో వేయించినది. రెండేండ్లపాటు దినానికి వేయిమంది కూలీలు పనిచేశారని, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు నడిచాయని అందులో ఉన్నది. అంతటితో ఊరుకోక, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో కూడా చెక్కించారు. డబ్బు పెట్టినంత మాత్రాన పని మంచిదైపోదని ఆ శాసనం వేయించిన వారికి తెలుసు. ఈ ఆరు దోషాల సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను.

సప్తసంతానాలని మన పూర్వులు ఏడింటిని లెక్కపెట్టారు. కొడుకుతోపాటు చెరువు, వనం, గుడి, అగ్రహారం, నిధి, కావ్యం. వనం నాటినవాడు కొడుకును కన్నవాడితో సమానం. ఆ వనం ప్రక్కనే సత్రం, సత్రం ప్రక్కనే బావి. ఈ మూడింటినీ విడదీసి కట్టడం వారికి చేతనయ్యేది కాదు.

ఇంగ్లీషువాళ్ళు వచ్చిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఈ పద్ధతే సాగింది. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన స్మారకంగా ప్రభుత్వం పత్తికొండలో ఏం చేయించింది? చెట్ల తోపు వేయించింది, మెట్లబావి కట్టించింది. గుత్తిలో ఆయన పేర సత్రం వెలసింది. అశోకుని బండలు ఉన్న ఆ దారికే ఒక కొనన తోపూ బావీ, మరో కొనన సత్రమూ! ప్రభుత్వపు సొమ్ము మా సీమలో పచ్చదనానికీ, ఇల్లు లేనివాడికీ కలిపి ఖర్చయిన ఉదాహరణ ఇంతకంటె దగ్గరిది నాకు కనిపించలేదు.

ఇక మామూలు ఇళ్ళ సంగతి. ప్రతి ఇంటికీ వీధి వైపు అరుగుండేది. అరుగు ఇంటివాడిదే అయినా, పొద్దుపోయి వచ్చిన పరాయివాడు దానిమీద పడుకొంటే లేపేవారు కారు. ఊరికి చావడి ఉండేది. వేపచెట్టు చుట్టూ రచ్చబండ ఉండేది. వీటికి గేట్లు లేవు. మనం ఇప్పుడు అరుగులు తీసేసి కారు నిలుపుకొనే చోటు కట్టుకున్నాము. వాటిని తీసిన పాపమే నేడు మునిసిపాలిటీల నెత్తిన పడింది.

మూసీ నేర్పిన పాఠం

ఒక నగరం ఈ రెండు పనులనూ ఒక్కచోట పెట్టుకొని చేసిన కథ తెలుగు నేలమీద ఒకటున్నది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. ఇళ్ళు పోయినవారికి లెక్కలేదు. ఆనాడు అఫ్జల్ పార్కులో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిది. పార్కులో చెట్టు ఎందుకు అని అడిగేవారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు లేచాయి. నది ఒడ్డును గట్లతో, ఉద్యానాలతో తీర్చిదిద్దాలన్నది కూడా ఆ ఆలోచనలోనిదే. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు పేటలు తీసివేసి, రోడ్లు వెడల్పుచేసి, తోటలు వేసి, అక్కడినుండి కదిలించిన పేదలకు గాలి వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టడం దాని పని. ఒకే మండలి చేతిలో తోటా ఉన్నది, ఇల్లూ ఉన్నది. ఇది గమనించవలసిన విషయం.

ఇదే నగరం 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జేజులో ప్రపంచ హరితనగర పురస్కారం అందుకున్నది. తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం బడ్జెట్టులో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలని విధించింది. చెట్టుకు చట్టంలో వాటా దొరికిందన్నమాట. ఆ వరుసలో చూరుకు ఎంత వాటా ఉన్నదో అడగడం మన పని.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఢిల్లీలో జరిగింది. 2009 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, పూసారోడ్డు కూడలిలో ఉన్న ఒక రాత్రి బసను అక్కడి నగరపాలకులు తీసివేశారు. కామన్‌వెల్త్ క్రీడల ముందు ఊరిని అందంగా చేయాలనే హడావుడి కాలమది. సంగతి హైకోర్టుకెక్కింది. 2010లో సుప్రీంకోర్టు ఆహారహక్కు వ్యాజ్యంలో కల్పించుకొని రాష్ట్రాలన్నిటినీ రాత్రి బసల గురించి నిలదీసింది. ఊరు అందంగా కనబడాలని మనుష్యులను తొలగించడం ఒక త్రోవ. మనుష్యులకు చోటుచూపి ఊరిని అందంగా చేయడం మరొక త్రోవ. డబ్బు రెండింటికీ ఒకటే అవుతుంది.

డబ్బు వచ్చే దారులు

మన పట్టణాలకు ఈ పనులకు డబ్బు ఎట్లా వచ్చింది? పచ్చదనానికి వచ్చిన పెద్ద పథకం అమృత్. 2015 జూన్ 25న మొదలయింది. దేశంలో లక్షకు పైబడి జనాభా ఉన్న అయిదువందల పట్టణాలకు అది వర్తించింది. ప్రధానంగా నీటికీ మురుగుకూ ఉద్దేశించిన పథకమే అయినా, అందులో రెండున్నర శాతం వరకు పార్కులకు కేటాయించారు. ఏటా ఒక పిల్లల పార్కయినా చేయాలని షరతు పెట్టారు. మా జిల్లాలో కడప, ప్రొద్దుటూరు ఆ కొలతకు అందినవి. జమ్మలమడుగు, పులివెందుల లక్షకు లోబడిన ఊళ్ళు గనుక ఆ జాబితాకు అందలేదు. ఎండకు మాత్రం ఈ లక్ష షరతు లేదు. అది జమ్మలమడుగులోనూ అంతే కాస్తుంది.

ఇల్లు లేనివారికి వచ్చినది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్. 2013లో మొదలై 2024 సెప్టెంబరు నెలాఖరుకు ముగిసింది. దానిలో ఒక భాగం రాత్రి బసల నిర్మాణం. ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమందికి శాశ్వతమైన బస ఉండాలి. మనిషికి యాభై చదరపు అడుగులకు తగ్గరాదు. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. నీరు, స్నానపు గది, మరుగుదొడ్డి, దీపం, దుప్పటి, వంట చేసుకొనే చోటు, దోమల నివారణ - ఇవన్నీ నియమాలలో వ్రాసి ఉన్నవి. ఖర్చులో మొదట కేంద్రం ముప్పాతిక భాగం, రాష్ట్రం పాతిక భాగం పెట్టుకొనేట్లు నిర్ణయించి, తరువాత ఆ పాళ్ళు అరవై, నలభైకి మార్చారు.

ఇవికాక ఆర్థికసంఘం ఇచ్చేవి ఉన్నవి. పదునైదవ ఆర్థికసంఘం 2021 నుండి 2026 వరకు పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో, పదిలక్షలకు లోబడిన పట్టణాలకు నూటికి అరవై భాగాలు నీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడినవి. మిగిలిన నలభై స్థానిక అవసరాలకు తమ వివేచన కొద్దీ వాడుకోవచ్చు. ఇక కూటికి, రాష్ట్రంలో అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూతపడ్డవి, 2024 ఆగస్టు 15న మళ్ళీ తెరిచారు. పూటకు అయిదు రూపాయలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పట్టణ ప్రణాళికల మార్గదర్శకాల ప్రకారం మనిషికి పదినుండి పన్నెండు చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. పదే వేసుకుందాం. లక్షమంది ఊరికి పదిలక్షల చదరపు మీటర్లు. అంటే నూరు హెక్టార్లు, సుమారు 247 ఎకరాలు. ఏ పట్టణానికి అంత పార్కున్నది? ఆ గమ్యం చాలా దూరం. అదే ఊళ్ళో ఇల్లు లేని వందమందికి మనిషికి యాభై అడుగుల చొప్పున కావలసింది అయిదువేల చదరపు అడుగులు. అంటే పదకొండున్నర సెంట్లు! ఒక్క అంతస్తు మీద కట్టినా అంతే చాలు. ఒక మోస్తరు పెళ్ళి మంటపానికి అంతకంటె ఎక్కువ పడుతుంది. నియమం ప్రకారం 247 ఎకరాలు పచ్చగా చేయాలని కలగనే ఊరు, పదకొండున్నర సెంట్లు వెదకలేకపోతే అది స్థలం కరువు కాదు.

ఆరు దోషాలు

మరుసటి వారం నేను పనికట్టుకొని ఆ పట్టణానికి పోయి విచారించాను. అక్కడ రాత్రి బస ఉన్నది! ఊరి చివర, బస్సుస్టాండుకు రెండు మైళ్ళు. సంతోషంతో పార్కుకు పరుగెత్తి, అవ్వకు ఆ శుభవార్త చెప్పాను. ఆమె నవ్వింది.

"నాకు తెలుసు నాయనా. పోయి రెండు రాత్రిళ్ళు పండుకుంటి. మంచిగనే ఉండాది. ఫ్యాను ఉండాది. అయితే నాలుగ్గంటలకంతా నేను అంట్ల కాడ ఉండాల. ఆ పొద్దున ఆటో యాడ దొరుకుతాది? దొరికినా నలబై అడుగుతాడు. నాకిచ్చేదే నూటేబై."

ఇరవై యేండ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత క్లుప్తంగా, ఇంత సమగ్రంగా ఒక విమర్శ నేను చెప్పి ఎరుగను. పోరుమామిళ్ళ శాసనం నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. చెరువుకు ఆరు దోషాలున్నట్లే పార్కుకూ బసకూ కలిపి ఆరు దోషాలు నాకు తోచినవి. వినండి.

మొదటిది దూరం. స్థలం చవకగా ఉన్నదని ఊరి చివర బస కడితే, పని ఊరి నడుమ ఉన్నవాడికి అది అక్కరకు రాదు. బస్సుస్టాండు, రైలు స్టేషను, ఆసుపత్రి, మార్కెట్టు - వీటి నుండి నడిచిపోయేంత దగ్గరలో ఉండాలి.

రెండవది తాళం. పార్కు సాయంత్రం వాహ్యాళికి వచ్చే మనలాంటివాళ్ళ వేళలు చూసి తెరుస్తారు, మూస్తారు. మిట్ట మధ్యాహ్నం మూసిన పార్కులు నేను చూశాను. ఎండలో నీడ కావలసిన వేళ అదే గదా!

మూడవది నీడలేని పచ్చదనం. పచ్చిక పరిస్తే ఫోటోకు బాగుంటుంది. నీళ్ళు తాగుతుంది, నీడ ఇవ్వదు. మా కడప బండతో చేసిన బల్ల ఎండలో పెడితే ఏప్రిల్ నెలలో దానిమీద దోసె పోయవచ్చు. వేప, కానుగ, రావి, నేరేడు, చింత - ఈ సీమ నేలకు తెలిసిన చెట్లు. ఇవి మెల్లగా పెరుగుతాయి. గ్రాంటుకు తొందర. అందుకని తొందరగా ఎదిగే విదేశీ చెట్టు కోనోకార్పస్‌ను తెలుగు పట్టణాలలో వరుసలు వరుసలుగా నాటారు. తరువాత దానిమీద ఫిర్యాదులు రాగా తీయించడం మొదలుపెట్టారు. నాటిన ఖర్చు ఒకటి, పెరికిన ఖర్చు మరొకటి.

నాలుగవది పడుకోనివ్వని బల్ల. బల్ల నడుమ ఇనుప కమ్మి బిగిస్తే మనిషి పడుకోలేడు. ఇది చాలా పెద్ద నగరాలు కనిపెట్టిన తెలివి. మనకు వద్దు.

ఐదవది పోషణ లేమి. కట్టడానికి గ్రాంటు వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. దీపం మాడిపోతే మార్చడానికి, దుప్పటి ఉతకడానికి, మొక్కకు రెండవ యేడు నీళ్ళు పోయడానికి పద్దు ఉండదు. పథకం గడువు ముగియగానే పోషణ గాలిలో ఉంటుంది. మొక్క చచ్చేది మొదటి యేటి ఎండకు కాదు, రెండవ యేటి మరపుకు.

ఆరవది తెలియకపోవడం. బస ఉన్నదని బస్సుస్టాండులో ఒక్క బోర్డు ఉండదు. వెళ్ళినవాడిని ముందు ఆధార్ కార్డు అడిగితే, ఇల్లే లేనివాడు ఇంటి చిరునామా ఎక్కడినుండి తెస్తాడు?

ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు

ఇవన్నీ మనసులో పెట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్ళాను. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, నా మాట శాంతంగా విన్నాడు. పార్కు ఆవరణలోనే ఒక మూల, బస్సుస్టాండు వైపు తలుపుతో, ఆడవాళ్ళకు ఒక చిన్న బస వేయరాదా అన్నాను.

"మీ ఆలోచన మంచిదే సార్. కాని పార్కు పద్దు వేరు, బస పద్దు వేరు. ఆ డబ్బు ఇటు పెడితే ఆడిట్‌లో నా జీతం నుండి పట్టుకుంటారు."

అతను అబద్ధమాడలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత చెప్పి అతణ్ణి ఎత్తిపొడవడం సులభం. కాని ఈ పూజారికి భయపడే కారణమున్నది. ఒక పథకం డబ్బు మరొక దానికి వాడరాదనే నియమం దొంగతనం జరగకుండా పెట్టినది. అది మంచి నియమమే. అయితే రెండు పద్దులనూ కలపనక్కరలేదు. రెండు పనులనూ ప్రక్క ప్రక్కన పెడితే చాలు. పార్కు గోడ ఒకటి, బస గోడ ఒకటి, వాటి నడుమ ఒక తలుపు. తలుపుకు ఏ పద్దూ అడ్డురాదు. కట్టుబాటు లేని గ్రాంటు ఎటూ ఉన్నది. బసలో ఉండేవారిలో ఒళ్ళు వంచగలవారికి ఆ పార్కు మొక్కలకు నీళ్ళు పోసే పని కూలికి ఇస్తే, మొక్క బ్రతుకుతుంది, మనిషీ బ్రతుకుతాడు. ఐదవ దోషానికి ఇంతకంటె చవకైన మందు లేదు.

అతను కొంచెంసేపు ఆలోచించి, "వ్రాసి ఇవ్వండి సార్, పైకి పంపుతాను. అంతవరకు గేటు సంగతి నా చేతిలోదే" అన్నాడు.

వ్రాసి ఇచ్చాము. నేనూ, నా సహోద్యోగులు నలుగురూ, ఆ ఇడ్లీ అంగడి యజమానీ, పార్కుకు ఉదయం నడకకు వచ్చే కొందరు పెద్దలూ సంతకాలు చేశాము. యజమాని అంతటితో ఆగక, అవ్వ మూట రాత్రిపూట అంగడి లోపల పెట్టుకోనిస్తున్నాడు. మూటను తల క్రింద పెట్టుకొని నిద్రపోయేవాడికి నిద్ర ఎంత పలుచనో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

అర్జీకి జవాబు ఇంకా రాలేదు. గేటు మాత్రం ఇప్పుడు ఎనిమిదికి బదులు పదింటికి వేస్తున్నారు, మధ్యాహ్నమూ తెరుస్తున్నారు. రెండు గంటలు గొప్ప సంగతా అని మీరనవచ్చు. మే నెలలో మా జిల్లాకు వచ్చి, రాత్రి ఎనిమిదింటికి ఒక బండమెట్టు మీద చేయిపెట్టి చూడండి. పదింటికి మళ్ళీ పెట్టి చూడండి.

కడప అంటే గడప. తిరుమలకు పోయే యాత్రికులకు ఇది దేవుని గడప అని పెద్దలు చెబుతారు. ఎంతోమంది బాటసారులు తల వాల్చిన నేల ఇది. ఆ పేరు పెట్టుకున్న సీమలో ఒక ముసలమ్మ, రోజంతా పనిచేసి, ఇతరుల గడప మెట్టుమీద పడుకోవడం నాకు నచ్చలేదు. అందుకే ఇంత వ్రాశాను.

క్రిందటి వారం మళ్ళీ ఆ పార్కుకు వెళ్ళాను. అవ్వ వేప క్రిందనే ఉన్నది. రాలిన ఆకులు చీపురుతో ఒక ప్రక్కకు ఊడుస్తున్నది. ఎవరూ చెప్పలేదు, కూలీ లేదు. "చెట్టు మనకు ఇంత చేస్తాంటే మనం ఇది చేయలేమా" అన్నది. తరువాత పైకి చూసి, ఎవరినో ఉద్దేశించి చేయెత్తి, "ఇది నాటినోడు సల్లగుండ" అన్నది.

నాటినవాడెవడో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఏ గ్రాంటు క్రింద నాటాడో కూడా తెలియదు. కాని అటువంటి దీవెన మరొకటి, చూరు వేసినవాడి కోసం ఆమె దగ్గర ఇంకా మిగిలి ఉన్నది. ఎవరు తీసుకుంటారో చూడాలి.